నీళ్ళు ఎగువకు నడిచే ఊరు

మొన్న ఫిబ్రవరిలో మేమిద్దరం, మస్తానూ నేనూ, సముద్రం దాకా వెళ్ళి వచ్చాం. ఊరు చూసి రావడానికని అందరితో అన్నాం గాని, అసలు పని ఒక మనిషిని వెంటబెట్టుకొని రావడం. ఆ మనిషి పేరు కృపావరం. సారపాక కాగితం మిల్లులో, వెదురు దింపే యార్డులో, అతనూ నేనూ పక్కపక్క బల్లల మీద పనిచేసి రిటైరైనవాళ్ళం. ఆదివారం ఆరాధన అయిపోగానే గాలాలు పట్టుకొని గోదావరి ఒడ్డున కూర్చునేవాళ్ళం. మూడో గాలం మస్తాన్‌ది. అతను భద్రాచలంలో దర్జీ.

రిటైరయ్యాక కృపావరం తన భార్య మేరమ్మ కోరిక మీద ఆమె పుట్టిన ఊరికి, అంతర్వేది దగ్గరి ఒక పల్లెకు వెళ్ళిపోయాడు. నిరుడు మేరమ్మ పోయింది. పిల్లలు లేరు. ఇక అక్కడ అతనికేం పని అనిపించింది నాకు. మా ఇంటి వెనక గది ఖాళీగానే ఉంది. సున్నం వేయించాను. నులక మంచం అల్లించాను. కృపావరం వచ్చేస్తున్నాడని సంఘంలో అందరికీ చెప్పాను. ఫోను చేసి "నిన్ను తీసుకపోవడానికి వస్తున్నం" అంటే, "దానియేలూ, రండి, రండి" అన్నాడు. ఆ మాటను నేను ఒప్పుకోలు కింద తీసుకున్నాను.

సముద్రం వైపు అనగానే ఇంట్లో జంకారు. సునామీ వచ్చి ఏడాదే అయింది మరి. నేను మాత్రం జంకలేదు. రోజూ డైరీ రాసే అలవాటున్న మనిషిని గనుక ఏ పూట ఎక్కడ ఉండాలో, ఏ పూట ఏ సంగతి మాట్లాడాలో ముందే వేసుకొని బయలుదేరాను. ఆ ఏర్పాటులో ఏ ఒక్కటీ అనుకున్నట్టు జరగలేదు. ఎందుకు జరగలేదో కొంత తెలిసింది, కొంత ఇప్పటికీ తెలియలేదు.

శ్రీరామగిరి రేవు

లాంచీ ఎక్కేసరికి గోదావరి మీద మంచు ఇంకా విడలేదు. మస్తాన్ చంకలో కాగితం పొట్లం ఒకటి ఉంది. కృపావరం కోసం కుట్టిన చొక్కా అట. మనిషిని చూసి ఇన్నేళ్ళయింది, కొలత ఎప్పుడు తీశావని అడిగాను.

"కొలతేందన్నా! వాని పెండ్లి అంగీ కాడికెల్లి నేనే కుడుతున్న. వాని భుజమెంతో, వాని బొర్రెంతో కండ్లు మూసుకున్నా చెప్త."

మా పక్కన తల్లాడ నుంచి వచ్చిన ఒక పెద్దామె కూర్చుంది. కొండలు చూడ్డానికి వచ్చిందట గాని కొండల వంక చూడకుండా మా గాలాల సంచీనే చూస్తోంది.

"ఎక్కడికి పోతున్నరయ్యా ఇవి పట్టుకొని?"

"సముద్రం కాడికమ్మా."

"గంత సముద్రంల మీ గాలం యాడుందో చేపకు ఎట్ల దొరుకుతది?"

మస్తాన్ ఆగుతాడా? "మా అన్న చేపలకు ముందుగాలే టైం చెప్పిండమ్మా. అన్నీ లైన్ల నిలబడి ఉంటయ్" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. నా జేబులో నిజంగానే టైములు వేసుకున్న చీటీ ఉందని వాళ్ళకేం తెలుసు.

పేరంటపల్లి

లాంచీ ఆగినచోట కొండరెడ్ల ఆడవాళ్ళు వెదురుతో చేసిన బొమ్మ పడవలు, పూలగొట్టాలు పరిచి అమ్ముతున్నారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ వెదురును లారీల లెక్కన చూసినవాణ్ణి. ఒక్క బొంగును చేతిలోకి తీసుకొని దాని కణుపు నునుపు చూసింది ఆ రోజే. మేరమ్మ సమాధి దగ్గర పెట్టడానికి ఒక పూలగొట్టం ఎంచాను. ముప్పై రూపాయలంది అమ్మే ఆమె.

"గింత బొంగుకు ముప్పయ్యా? ఈ సారు మిల్లుల గుట్టలు గుట్టలు బొంగు చూసిండు, తెలుసా?" అన్నాడు మస్తాన్.

ఆమె పక్కామెతో వాళ్ళ మాటలో ఏదో అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత మాకు అర్థమయ్యే మాటలో, "అయితే ఆ మిల్లు కాడనే పూలగొట్టం చేపిచ్చుకోమను" అంది.

ముప్పై రూపాయలూ ఇచ్చాను.

రాజమండ్రి

ఇక్కడ తినడం దగ్గర తికమక మొదలైంది. రోజ్ మిల్క్ అని చల్లగా, ఎర్రగా గ్లాసులో పోసి ఇచ్చారు. మస్తాన్ రెండు తాగాడు. అక్కడి దాకా బాగానే ఉంది. హోటల్లో భోజనానికి కూర్చుంటే పులుసులో బెల్లం. మస్తాన్ వేలితో నాకి నా ముఖం చూశాడు.

"అన్నా, ఇది కూరా, పాయసమా?"

వడ్డించే అతను పరుగున వచ్చాడు. "ఏవండీ, బాగోలేదాండీ? ఇంకోటి వేయించమంటారాండీ?"

మస్తాన్ వెనక్కి తిరిగి చూశాడు, తన వెనక ఎవరో పెద్దమనిషి ఉన్నాడనుకొని. వెనక గోడే ఉంది. "నన్నే అంటున్నడా?" అని నా చెవిలో అడిగాడు. భద్రాచలంలో హోటలు నడిపేవాడు "ఏం గావాలె, జల్దీ చెప్పు" అంటాడు, మేమూ అలాగే చెబుతాం, అందులో ప్రేమకేం తక్కువ ఉండదు. ఇక్కడ ఇంత మర్యాద చేస్తుంటే ఏదైనా తప్పు చేశామేమోనని అనుమానం వచ్చింది. పచ్చిమిరపకాయలు రెండు అడిగి తెప్పించుకొని నంజుకుతిన్నాం.

కృపావరం ఉన్న పల్లె

మర్నాడు పొద్దెక్కాక చేరాం. కొబ్బరితోట మధ్య పెంకుటిల్లు. మేరమ్మ తమ్ముడు సత్యానందం కుటుంబంతో ఉంటున్నాడు కృపావరం. మమ్మల్ని చూసి గడప దాటి పరుగెత్తుకొచ్చాడు. మస్తాన్ అక్కడికక్కడే పొట్లం విప్పి చొక్కా తొడిగించాడు. భుజాలు జారాయి. పొట్ట దగ్గర ఇంకో మనిషి పడతాడు.

"ఏందిరా, సగమైనవ్!" అన్నాడు మస్తాన్.

"ఆయ్, కొంచెం తగ్గేను" అన్నాడు కృపావరం.

మేమిద్దరం ముఖముఖాలు చూసుకున్నాం. "అవ్" అనే మనిషి "ఆయ్" అంటున్నాడు. మనిషి చిక్కినా ముఖంలో దిగులు లేదు. చిక్కినవాడు దిగులుగా ఉండాలనీ, వచ్చి ఆదుకోవాలనీ అనుకుంటూ వచ్చిన నాకు ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. అన్నం తిన్నాక గది సంగతి ఎత్తాను.

"సున్నం ఏపిచ్చిన. మంచం ఏపిచ్చిన."

"అట్లనా? మంచిగ చేసినవ్. పా, నీళ్ళు వస్తున్నయ్, గాలాలేద్దాం."

అక్కడ ఊరి పక్కనే ఉప్పుటేరు ఉంది. రెండు వైపులా మట్టిగట్టు, గట్టు వెంట మడచెట్లు, వాటి వెనక ఎటు చూసినా ఒకేలా కనిపించే సరుగుడు తోటలు. మా ఊళ్ళో చేసినట్టే చెప్పులు నీటి అంచున విడిచి, రెండడుగులు పక్కకు వెళ్ళి కూర్చున్నాను. మాటల్లో పడ్డాం. ఎవరెవరు పోయారు, ఎవరి పిల్లలు ఏం చేస్తున్నారు, యార్డులో ఇప్పుడు వెదురు తగ్గి జామాయిలు పెరిగిందట, ఇవన్నీ. తిరిగి చూస్తే చెప్పులు లేవు. నేను కూర్చున్న రాయి కూడా తడిసిపోతోంది.

"నా చెప్పులు ఎవలో ఎత్తుకపోయిన్రు" అన్నాను.

కృపావరం పడీపడీ నవ్వాడు. "సముద్రం పోటు ఎత్తుకపోయింది. ఈడ చెప్పులు గట్టు మీద ఇడవాలె, ఒడ్డున గాదు." చూస్తే అతని చెప్పులు, ఎరల డబ్బా, సంచీ అన్నీ పైన గట్టు మీద వరసగా ఉన్నాయి. సంతలో కొత్త చెప్పులకు అరవై రూపాయలయింది. అవి రెండో అడుగు నుంచే కరవడం మొదలుపెట్టాయి.

ఒకటి మాత్రం నేర్చుకున్నాను అనుకున్నాను: ఇక్కడ తొట్టి నిండినట్టు నీళ్ళు పెరుగుతాయి, మళ్ళీ తగ్గుతాయి. అంతే కదా అని, మర్నాడు సరిగ్గా ఆ వేళకే గాలం పట్టుకొని వెళ్ళాను. ఏటిలో బురద, బురదలో పీతలు.

"నిన్న ఇదే టైముకు నీళ్ళున్నయ్ గదరా!"

"ఇయ్యాల ఇంక రాలె. దినదినం కొంచెం జరుగుతది."

"జరుగుడేంది? రేపెప్పుడొస్తయ్?"

"వచ్చినప్పుడొస్తయ్" అని, నా ముఖం చూసి జాలిపడి, "చంద్రుణ్ణి చూసి చెప్తరు. నాకూ మొదట్ల తిక్కలేసింది" అన్నాడు. జేబులో చీటీ తీసి ఇంకోసారి చూసుకొని లోపల పెట్టేశాను.

సముద్రపు ఒడ్డు

ఆ సాయంత్రం అందరం సముద్రం దగ్గరికి వెళ్ళాం. సత్యానందం భార్య కొబ్బరన్నం, రొయ్యల వేపుడు మూట కట్టి ఇచ్చింది. పండుగప్ప చేప పులుసు కూడా ఉంది గాని అందులో బెల్లం లేదని నేను రుచి చూసి చెప్పాకే మస్తాన్ తిన్నాడు. సముద్రం గురించి నేనేమీ రాయను. గోదావరిని చూస్తూ బతికినవాడికి అవతలి ఒడ్డు కనిపించకపోతే కళ్ళు ఎక్కడ ఆన్చాలో తెలియదు. కాసేపు చూసి, చూపు తిప్పుకొని ఇసుక చూశాను.

మస్తాన్, కృపావరం పాదాలు తడుపుకోవడానికి వెళ్ళినప్పుడు సత్యానందం నా పక్కకు జరిగాడు.

"బావగారిని తీసుకెళ్ళిపోడానికి వచ్చేరంట కదండీ?"

"అవునండీ. ఆయన ఒప్పుకుంటే."

"మాతో ఏమీ అనలేదండీ. వెళ్తాననీ అనలేదు, ఉంటాననీ అనలేదు. అడగాలంటే మాకు భయమండీ. రేపు అక్కయ్య ఏడాది ప్రార్థన అయ్యాక చెప్తానన్నారు." చేతిలోని ఇసుక జారవిడిచాడు. "మీరు పెద్దవారు. మీకు చెప్పకూడదు గాని, ఆయన వెళ్ళిపోతే అక్కయ్య రెండోసారి వెళ్ళిపోయినట్టుంటదండీ మాకు."

మా ఊళ్ళో గది ఎదురుచూస్తోంది. ఇక్కడ ఇల్లంతా భయపడుతోంది. అవతల నీళ్ళలో ఆ మనిషి పంట్లాం మడిచి మస్తాన్ మీద నీళ్ళు చల్లుతూ పిల్లవాడిలా కేకలేస్తున్నాడు. వీళ్ళలో ఎవరి కోసం నేను వచ్చానో ఒక్క క్షణం మరిచిపోయాను.

ఉప్పుటేటి గట్టు

ప్రార్థన మర్నాడు సాయంత్రం, సమాధుల తోటలో. మేరమ్మ గురించి సారపాక తరఫున నాలుగు మాటలు నేను చెప్పాలి. వాళ్ళ పెళ్ళికి సాక్షి సంతకం చేసినవాణ్ణి. ఆ మాటలు ఏకాంతంగా కూర్చి పెట్టుకుందామని, భోజనం కాగానే పూలగొట్టం, గాలం తీసుకొని కృపావరం సైకిలు మీద ఏటి దగ్గర దింపించుకున్నాను. మబ్బు పట్టి ఉంది. వెళ్ళేముందు కృపావరం చెప్పాడు:

"సమాధుల తోట ఈ గట్టు మీదనే ఉంది. దిగువకు నడువు, అదే కనపడ్తది."

అంతకన్నా ఏం కావాలి? మా వైపు నది పక్కన ఎవరూ దారి తప్పరు. అడవిలో దారి తప్పినవాడు కూడా వాగు పట్టుకొని దిగితే గోదావరి చేరతాడు. గాలం కర్ర చేతపట్టిన నాటి నుంచీ మాకు తెలిసిన సంగతి ఇది. మాటలు కూర్చుకున్నాక లేచి నీళ్ళు చూశాను. ఒక కొబ్బరిమట్ట తేలుతూ పోతోంది. అది పోయే వైపే నడిచాను.

నడుస్తున్నాను, నడుస్తున్నాను. సరుగుడు తోటలు అయిపోయాయి. రొయ్యల చెరువులు వచ్చాయి. మట్ట నాకంటే ముందు హాయిగా పోతోంది. సముద్రం హోరు దగ్గరవ్వాలి గదా, వినిపించడమే మానేసింది. మా అబ్బాయి ఇచ్చిన సెల్‌ఫోను తీస్తే సిగ్నల్ లేదు. చెప్పులు కరిచి మడమ చిట్లింది. చెరువు గట్టు మీద గడ్డి కోస్తున్న ఒక ఆవిడను అడిగాను.

"సమాధుల తోట ఎటమ్మా? దిగువకేనా?"

"దిగువా? మీరు ఎగువకొచ్చేసేరు కదండీ బాబూ!"

"నీళ్ళు ఇటే పోతున్నయ్ గదమ్మా?"

ఆమె నీళ్ళను చూసింది, నన్ను చూసింది. కొడవలి కిందపెట్టి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "పోటండీ. సముద్రం లోపలికొస్తంది. ఎవరి తాలూకండీ మీరు?"

నీళ్ళు పెరుగుతాయని మొన్న తెలిసింది. నడక కూడా మారుస్తాయని ఎవరూ చెప్పలేదు. ఇన్నేళ్ళ వయసులో ఏరు వెనక్కి పారడం చూస్తూ నిలబడితే తల తిరిగింది. పక్కనే ఉన్న తూము గట్టు మీద కూలబడ్డాను. ప్రార్థన వేళ దాటిపోతోంది. సారపాక నుంచి పని గట్టుకొని వచ్చి, మేరమ్మకు నాలుగు మాటలు చెప్పలేకపోయిన మనిషిగా మిగలబోతున్నాను. ఆ ప్రార్థన అయ్యాకే కృపావరం తన మాట చెబుతానన్నాడు. నేను లేకుండానే చెప్పేస్తాడేమో.

అప్పుడు గట్టు మీద సైకిలు కనబడింది. వదులు చొక్కా గాలికి ఉబ్బి తెరచాపలా వస్తోంది.

తూము

కృపావరం సైకిలు దిగి నా పక్కన కూర్చున్నాడు. తిట్టలేదు, నవ్వలేదు.

"ఎట్ల తెలిసింది ఈడున్ననని?" అన్నాను.

"ఇంకెక్కడుంటవ్? ఈ ఊరికొచ్చిన కొత్తల నేనూ గిట్లనే నీళ్ళ వెంట నడుచుకుంట నడుచుకుంట వచ్చి, ఈ తూము మీదనే కూసున్న. మీ వదిన ఎతుక్కుంట వచ్చింది. 'ఏరును నమ్మినవా? ఇది మీ గోదారి గాదు' అని నవ్వింది." తూము రాయి మీద చెయ్యి వేసి రాశాడు. "నిన్ను చూసి నేనింక సారపాకలనే ఉన్ననని అనుకున్నట్టుంది. 'దిగువకు నడువు' అన్న. తప్పు నాదే."

"ఆడ అందరు ఎదురుచూస్తున్నరా?"

"చూస్తరు తియ్యి. పాస్టరుగారికి చెప్పొచ్చిన, మా వోడు ఎగువకు పోయి ఉంటడని."

నేను ఆగలేకపోయాను. "కృపావరం, ఒక్క మాట చెప్పు. వస్తవా, రావా? గది పెట్టిన. అందరికి చెప్పిన."

"నన్ను అడిగి చెప్పినవా?"

కొబ్బరిమట్ట ఇంకొకటి మా కాళ్ళ కింద నుంచి ఎగువకు పోయింది. అతను దాన్నే చూశాడు.

"వస్త" అన్నాడు. నా ప్రాణం లేచి వచ్చింది. "పోత" అన్నాడు వెంటనే. "ఎండకాలం వస్త, వానలకు ముందు పోత. మళ్ళ వస్త."

"అది వచ్చుడా, రాకపోవుడా?"

"నాకూ తెల్వది, దానియేలూ. ఈడ కూసుంటే మీరు యాదికొస్తరు. ఆడ కూసుంటే ఆమె యాదికొస్తది. ఒక్క దిక్కే పారమంటే ఎట్ల పారాలె?"

సైకిలు నడిపించుకుంటూ, నీళ్ళకు ఎదురుగా ఇద్దరం నడిచాం.

సమాధుల తోట

అందరూ చాపల మీద కూర్చొని ఉన్నారు. మస్తాన్ టోపీ పెట్టుకొని చివర నిలబడ్డాడు. నేను కనబడగానే "చేపలైనా నిలబడ్డయా అన్నా లైన్ల?" అని గొణిగాడు. పూలగొట్టంలో సత్యానందం కూతురు చామంతులు పెట్టింది. నేను కూర్చుకున్న మాటలన్నీ గట్టు మీదే ఎక్కడో జారిపోయాయి. మేరమ్మ కృపావరాన్ని తూము దగ్గర వెతికి పట్టుకున్న సంగతే చెప్పాను. అది సారపాక సంగతి కాదు. అయినా అదే నోటికొచ్చింది. సత్యానందం భార్య ఏడుస్తూ నవ్వింది.

తర్వాత కృపావరం లేచి, నాతో అన్న మాటే వాళ్ళతోనూ అన్నాడు. సంతోషించాలో, బాధపడాలో ఎవరికీ అర్థం కాలేదు. కాసేపటికి పాస్టరుగారు "ఆమేన్" అన్నారు గనుక అందరం ఆమేన్ అన్నాం.

ఇంటికి

మస్తానూ నేనూ బస్సులో తిరిగి వచ్చాం. గడపలోనే మా ఆవిడ అడిగింది: "ఏడీ కృపావరమన్న?"

"వస్తడు."

"ఉంటడా?"

"పోతడు."

"ఇంతకు మంచం ఉంచాల్నా, తియ్యాల్నా?"

ఉంచమన్నాను. సంఘంలో ఒక్కొక్కరికీ ఇదే జవాబు చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది. ఒక్కరూ ఒక్కసారికి అర్థం చేసుకోలేదు. నేను మాత్రం ఎన్నిసార్లకు అర్థం చేసుకున్నాను?

ఏప్రిల్ చివర్లో కృపావరం దిగాడు. మస్తాన్ అదే చొక్కా తీసుకెళ్ళి ఒంటికి సరిపోయేలా కుట్టి తెచ్చాడు. మొదటి ఆదివారం ముగ్గురం గాలాలతో పాత చోటికే వెళ్ళాం. గోదావరి ఎండకు సన్నబడి, ఇసుక మేటల మధ్య ఎప్పటిలా దిగువకే పోతోంది. మస్తాన్, నేనూ నీటి అంచున చెప్పులు విడిచి కూర్చున్నాం. కృపావరం కోసం చూస్తే పక్కన లేడు. దూరంగా, ఒడ్డు మీదికంటా ఎక్కి, చెప్పులు, ఎరల డబ్బా, సంచీ ఒక్కొక్కటీ వరసగా పెడుతున్నాడు.

"ఏందిరా, గంత పైకి పోయినవ్? ఈడ నీళ్ళు నీ చెప్పుల కాడికి రావు!" అని కేకేశాడు మస్తాన్.

కృపావరం చెప్పులను చూశాడు. నదిని చూశాడు. నవ్వాడు గాని వాటిని అక్కడే ఉంచి దిగి వచ్చాడు.

కాసేపు కూర్చున్నాక నేను లేచాను. నా చెప్పులు చేతిలోకి తీసుకొని పైకెక్కి, అతని చెప్పుల పక్కన పెట్టి వచ్చాను. ఎందుకని మస్తాన్ అడిగాడు. ఏమో, తెలియదన్నాను.